గాజుతీగయు జాతిజ్ఞాపకమును

విశాఖపట్టణమున అయిదు సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి బృహత్తరమైన డేటా కేంద్రమును నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీన ప్రకటించినది. సముద్రగర్భమునుండి వచ్చు వార్తాతంతులకు ఆ తీరముననే యొక ద్వారము ఏర్పడునని కూడ ఆ ప్రకటనయందు కలదు. నాటినుండి మనలో జరుగుచున్న చర్చ మూడు నాలుగు విషయముల చుట్టును తిరుగుచున్నది. భూమి యెంత? విద్యుత్తు ఎంత? నీరు ఎంత? ఉద్యోగము లెన్ని? ఇవి యన్నియు అడుగదగిన ప్రశ్నలే. ప్రజలు అడుగుటయు, ప్రభుత్వమువారు బదులు చెప్పుటయు ధర్మము. కాని ఈ కోలాహలమున అంతగా వినబడని ప్రశ్నలు మరి రెండు గలవు. ఆ తీగలోని విద్య యెవరిది? ఆ గిడ్డంగిలో చేరు జ్ఞాపకమునకు కాపరి యెవరు? మా దృష్టిలో భూమి, నీరు, విద్యుత్తుల లెక్కకంటె ఈ రెండు ప్రశ్నలే దీర్ఘకాలము మనలను వెన్నాడగలవు.

వీనికి సమాధానము వెదకుటకు ముందు ఒక పరిశోధకుని చరిత్రమును పాఠకులు పరికింపవలయునని మా కోరిక. చార్లెస్ కావో 1933లో షాంఘై నగరమున జన్మించెను. ఆయన కుటుంబము 1948లో హాంకాంగునకు వలసపోయెను. యువకుడైన కావో లండను చేరి, వూలిచ్ పాలిటెక్నిక్కున చదివి 1957లో ఇంజనీరింగు పట్టము పుచ్చుకొనెను. పిమ్మట హార్లో పట్టణమునందలి స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లాబొరేటరీస్ అను ప్రయోగశాలలో పరిశోధకుడుగా కుదురుకొనెను. ఆ ప్రయోగశాల విశ్వవిద్యాలయమునకు చెందినది కాదు. అది టెలిఫోను తంతులు తయారుచేయు వ్యాపారసంస్థ తన ఖర్చుతో నడపిన పరిశోధనాలయము.

లేసరు 1960లో పుట్టినది. దాని వెలుగుపై వార్తల నెక్కించి పంపిన యెడల, రాగితీగ మోయలేని బరువును మోయింపవచ్చునని గ్రహించినవా రనేకులు కలరు. కాని ఆ వెలుగునకు దారి యేది? గాలిలో పంపిన పొగమంచు అడ్డగించును, వాన చెదరగొట్టును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వంటి మహాసంస్థలు బోలుగొట్టములపై ఆశపెట్టుకొని యుండెను. గాజు విషయమున పెద్దలకు నమ్మకము లేకుండెను. అందుకు కారణము లేకపోలేదు. నాటి గాజుపోగులో వెలుగును పంపిన, 20 మీటర్లు పోవునప్పటికి నూరు పాళ్లలో ఒక్క పాలు మాత్రమే మిగులుచుండెను. వైద్యులు రోగి యుదరమును పరీక్షించుటకు అది చాలును. ఊరినుండి ఊరికి మాట పంపుటకు ఎట్లు చాలును?

అందరును చూచుచుండిన ఆ నష్టమునే కావో కూడ చూచెను. కాని అందరును అడుగని ప్రశ్న నడిగెను. వెలుగును మ్రింగుచున్నది గాజా, గాజులోని మలినమా? ఈ యొక్క ప్రశ్నయే యుగమును మార్చినది. గాజు స్వభావమే వెలుగును మ్రింగుట యైనచో చేయగలది లేదు. మలినమే మ్రింగుచున్నచో దానిని తొలగించిన చాలును. తన సహచరుడైన జార్జి హాకమ్ తో కూడి లెక్కలు కట్టి, ముఖ్యదోషము ఇనుము మొదలగు లోహముల కణములదే యని ఆయన నిర్ణయించెను. 1966 జనవరిలో లండనులోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో ఆ సిద్ధాంతమును వినిపించిరి. జులైలో అది వారి పత్రికలో అచ్చుపడినది. కిలోమీటరు దూరమునకు నూటికొక పాలు వెలుగు మిగిలినను టెలిఫోను వ్యవహారమునకు చాలునని వారు గీత గీచిరి. అప్పటికి కావో వయస్సు 32 సంవత్సరములు.

సిద్ధాంతము ప్రకటించి ఊరకుండిన యెడల ఆ వ్యాసము గ్రంథాలయపు బీరువాలో నిద్రించెడిదేమో! కావో గాజు చేయువారి యొద్దకును, దూరదేశపు ప్రయోగశాలల యొద్దకును తిరిగి, మలినము లేని గాజు చేయుడని బోధించెను. శుద్ధమైన సిలికా గాజునందు వెలుగు నష్టము మిక్కిలి స్వల్పమని 1969లో కొలిచి చూపెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ గాజు సంస్థకు చెందిన మారర్, కెక్, షుల్ట్జ్ అను మువ్వురు ఆ గీతను దాటిన పోగును తీసి చూపిరి. అందు కిలోమీటరు పోయిన పిమ్మట నూటికి రెండు పాళ్ల వెలుగు మిగిలెను. నేటి మేలుపోగులలో నూటికొక పాలు మిగులుటకు వెలుగు 100 కిలోమీటర్లు ప్రయాణము చేయుచున్నది. 20 మీటర్లనుండి కిలోమీటరునకు, అచ్చటనుండి 100 కిలోమీటర్లకు! ఆధునిక వార్తాప్రసార చరిత్ర యంతయు ఈ మూడు మజిలీలలో నిమిడియున్నది.

ఫలమును పాఠకులు తమ చేతియందే చూచుకొనుచున్నారు. అట్లాంటిక్ మహాసముద్రము నడుగున 1956లో పరచిన మొదటి టెలిఫోను తంతిపై ఏకకాలమున 36 సంభాషణలు సాగెడివి. 1988లో అదే సముద్రమున పరచిన మొదటి గాజుతంతిపై 40,000 సంభాషణలకు వీలు కలిగెను. నేడు ఖండములమధ్య సంచరించు సమాచారములో నూటికి 95 పాళ్లకు మించి సముద్రగర్భపు గాజుతంతులపైననే పోవుచున్నది. ఆకాశమున తిరుగు ఉపగ్రహములే ఈ పని చేయుచున్నవని భ్రమపడువారు మనలో పెక్కుమంది యున్నారు. 2008 జనవరి 30వ తేదీన అలెగ్జాండ్రియా సమీపమున రెండు తంతులు తెగగా, వేల మైళ్ల యవతల మన దేశమున ఇంటర్నెట్టు కుంటుపడినది. నాడు ఆ భ్రమ కొంత తొలగియుండవలసినది.

ఇచ్చట ఒక ఫిర్యాదును ప్రస్తావింపక తీరదు. 2009లో కావోకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములో సగపాలు లభించినప్పుడు, మనవాడైన నరీందర్ సింగ్ కపానీకి అన్యాయము జరిగినదని దేశమున పలువురు వాపోయిరి. నేటికిని ఆ మాట వినబడుచునే యున్నది. పంజాబులోని మోగాలో 1926లో జన్మించిన కపానీ మహనీయుడే. లండనులోని ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్స్ తో కూడి, గాజుపోగుల కట్టగుండ బింబమును పంపవచ్చునని 1954లో నేచర్ పత్రికలో ఆయన చాటెను. ఈ శాస్త్రమునకు ఫైబర్ ఆప్టిక్స్ అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చినదియు ఆయనయే. 2020లో ఆయన గతింపగా, మరుసటి యేడు భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో గౌరవించినది. అయినను కపానీ చేసిన పని వేరు, కావో చేసిన పని వేరు. వెలుగును వంచి నడిపింపవచ్చునని మొదటివాడు చూపెను. దానిని దూరదేశమునకు పంపవచ్చునని రెండవవాడు నిరూపించెను. ఒకరి కీర్తిని మరియొకరికి అంటగట్టుట యిరువురికిని అగౌరవమే.

మరియు నిజమైన చింత పతకమును గూర్చినది కాదు. కపానీ మహాశయుడు తన శాస్త్రమును లండనులో నేల ఆరంభింపవలసివచ్చెను? అమెరికాలో నేల కొనసాగింపవలసివచ్చెను? పతకము రాలేదని దుఃఖించు నోటితోనే ఈ ప్రశ్న నడుగరాదా? మన దేశము 2020-21లో పరిశోధనకు వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతము. దక్షిణకొరియా వెచ్చించునది 4 శాతమునకు పైమాట. కొలిమిలో బొగ్గు వేయక కత్తి పదును లేదని కమ్మరిని నిందించుట న్యాయమా?

మన దేశమున ఏమియు జరుగుటలేదని మా యభిప్రాయము కాదు. కలకత్తాలోని కేంద్ర గాజు, పింగాణి పరిశోధనాలయమువారు విశిష్టమైన పోగులపై చిరకాలముగా కృషిచేయుచున్నారు. గాజుపోగును తీయు కర్మాగారములు మన దేశమున గలవు. ప్రతి గ్రామపంచాయితీకిని ఫైబరును చేర్చు కార్యక్రమము 2011లో కేంద్రప్రభుత్వపు ఆమోదము పొంది నడచుచున్నది. పరిశోధనకై లక్ష కోట్ల రూపాయల నిధిని 2025లో కేంద్రమువారు మంజూరు చేసిరి. ఇవి హర్షింపదగినవి. కాని తీగను పరచుట వేరు, తీగ తత్త్వమును తెలియుట వేరు. బావి త్రవ్వువానికి కూలి దక్కును. జల యెచ్చట నున్నదో యెరిగినవాని మాట ఊరంతయు వినును.

ఇక రెండవ ప్రశ్న. సమాచారమును పంపుట యొక విద్య, దాచుట మరియొక విద్య. వెలుగే రెండింటికిని సాధనమైనది. 1982లో విపణికి వచ్చిన కాంపాక్ట్ డిస్కుపై లేసరు కిరణము సూక్ష్మములైన గుంటలను చదువును. కిరణపు తరంగదైర్ఘ్యము ఎంత కురుచయైన గుంటను అంత చిన్నది చేయవచ్చును. అందుచేత 780 నానోమీటర్ల కిరణముతో 650 మెగాబైట్లు పట్టిన పళ్ళెమునందు, 650 నానోమీటర్ల యెర్రని కిరణముతో 4.7 గిగాబైట్లును, 405 నానోమీటర్ల నీలలోహిత కిరణముతో 25 గిగాబైట్లును పట్టినవి. పళ్ళెపు వెడల్పు మాత్రము మారలేదు. మానవుని నేర్పునకు ఇది చక్కని తార్కాణము.

కాని నేర్పు ఒకటి, నిలుకడ ఒకటి. ఇంగ్లండులో విలియం రాజు 1086లో తన రాజ్యపు గ్రామముల లెక్క వ్రాయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథ మందురు. దాని తొమ్మిదివందలయేండ్ల పండుగకు 1986లో బి.బి.సి. వారు దేశప్రజలచే నూతనముగ వివరములు వ్రాయించి, ఛాయాచిత్రములు కూర్చి లేసరు పళ్ళెములపై భద్రపరచిరి. పది లక్షలకు పైగా జనులు అందు పాల్గొనిరి. పదునైదు సంవత్సరములు గడచునప్పటికి ఆ పళ్ళెములను చదువు యంత్రములు అరుదైపోయి, పరిశోధకులు ప్రత్యేకముగ పూని వానిని ఉద్ధరింపవలసి వచ్చెను. తొమ్మిదివందల యేండ్ల నాటి తోలుకాగితమును మాత్రము చదువనేర్చిన కన్ను నేటికిని చదువుచున్నది! పళ్ళెము చెడలేదు, దానిని చదువు సాధనము లేకపోయెను. చంద్రునిపై మానవుడు కాలుమోపిన 1969 నాటి దృశ్యముల మూలటేపులను అమెరికా వారే చెరపి మరల వాడుకొనియుందురని 2009లో తేల్చుకొనిరి. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ వ్రాతకు పనికివచ్చు బ్లూరే పళ్ళెముల తయారీని చాలించినది. నేడు నూతనమనుకొన్నది రేపు అనాథ యగుచున్నది.

ఈ చిక్కునకు విరుగుడును శాస్త్రజ్ఞులు మరల గాజునందే వెదకుచున్నారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున పీటర్ కజాన్‌స్కీ బృందమువారు అత్యల్పకాలికములైన లేసరు స్పందనములతో సిలికా గాజు గర్భమున సూక్ష్మరచనలు చేసి, అందు అక్షరములను నిక్షేపించి 2013లో చూపిరి. 2016లో మానవహక్కుల సార్వజనిక ప్రకటనమును అట్లు గాజులో నిలిపిరి. మైక్రోసాఫ్ట్ సంస్థవారు 2019లో అరచేతిలో నిముడు గాజుపలకయందు 75.6 గిగాబైట్ల చలనచిత్రమును భద్రపరచిరి. ఆ పలక వైశాల్యము 75 మిల్లీమీటర్లకు 75 మిల్లీమీటర్లు, మందము 2 మిల్లీమీటర్లు. అయస్కాంతము దానిని చెరపలేదు, నీరు నానబెట్టలేదు. ఇది ఇంకను ప్రయోగశాలలు దాటి ప్రజల చేతికి రాలేదు. వచ్చినను డూమ్స్‌డే పాఠము పాఠమే. గాజు నిలుచును గాని దానిని చదువు సాధనమును, చదువవలయునను పట్టుదలయు నిలుచునా?

ఈ విషయమున ఆంధ్రులకు వేరొకరు చెప్పవలసినది లేదు. కడపజిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల నాటి తెలుగు శాసనము రాతిపై నేటికిని నిలిచియున్నది. అది క్రీ.శ. 575 నాటిదని పండితు లందురు. రాయి నిలిచినది గనుక పలుకు నిలిచినది. తాళపత్రమునకు అంతటి యాయువు లేదు. చెదలు, చెమ్మ దాని శత్రువులు. అయినను మన కావ్యములు వందల యేండ్లు దాటివచ్చినవన్న, తరతరమును ఎవ్వడో యొకడు కూర్చుండి పాతయాకును క్రొత్తయాకునకు ఎత్తివ్రాసెను గనుకనే. ఎత్తివ్రాయువారు కరవైన కాలమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. ఆయన చేసిన పనికి నేటి భాషలో పేరు పెట్టవలసివచ్చిన, క్రొత్త సాధనమునకు సమాచారమును మార్చుట యనవలెను. సాధనము శిథిలము కాకమునుపే మార్చుట అందలి రహస్యము.

ఈ యుగమున కూడ అట్టి యత్నము జరిగినది. చిత్తూరుజిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానమును పొందిన డాక్టర్ రాజ్‌రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునుండి పది లక్షల గ్రంథముల ఛాయలను యంత్రమున కెక్కించు యజ్ఞమునకు పూనుకొనెను. బెంగుళూరు శాస్త్రవిజ్ఞాన సంస్థయు, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీయు అందు పాలుపంచుకొనినవి. భారత డిజిటల్ గ్రంథాలయ మను పేర వేలకొలది తెలుగు పుస్తకములు ప్రజల కందినవి. పిమ్మట ఆ గ్రంథాలయపు తలుపులు మూతపడినవి. ఆ పుస్తకములలో అనేకములు మనకు నేడు లభించుచున్నవనిన, అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ధర్మసంస్థ ప్రతులు నిలుపుకొనుటవలననే. వారికి మన కృతజ్ఞత చెల్లవలసినదే. కాని మన తాతల పుస్తకమును చదువుటకు పరదేశపు ధర్మసత్రమున నిలువవలసివచ్చుట జాతికి శోభయా?

అన్నము లేనివానికి గాజుపలక యెందులకని కొంద రడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. అయితే బీదవాని భూమిహక్కు పత్రము, వాని బిడ్డ జన్మపత్రము, వాని బ్యాంకిలెక్క నేడు ఎచ్చట నున్నవి? అన్నియు ఈ పళ్ళెములలోను, ఈ గిడ్డంగులలోనే గదా! ధనవంతుడు పది ప్రతులు దాచుకొనగలడు. ప్రభుత్వపు దస్త్రము చెడిన నష్టపోవువాడు బీదవాడే. కనుక జ్ఞాపకమును కాపాడుట విలాసము కాదు, పేదల ఆస్తిని కాపాడుటయే. మరి కొందరు విదేశముల సరకు చవుకగా దొరకునప్పుడు మన పరిశోధన యేల యందురు. హార్లోలోని వ్యాపారసంస్థ అట్లే తలచియుండిన కావోకు బల్లయు కుర్చీయు దొరకియుండెడివి కావు. లాభము వచ్చునో రాదో తెలియని ప్రశ్నకు వారు జీతమిచ్చిరి. లోకమంతయు లాభపడినది.

కావున మేము సూచించునవి మూడు. మొదటిది: డేటా కేంద్రములకు భూమియు విద్యుత్తును రాయితీలపై ఇచ్చునప్పుడు ప్రభుత్వమువారు ఒక్క నిబంధన చేర్చవలయును. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ కేంద్రమున్న ఊరిలోనే కలదు. అందు వెలుగు, గాజు, నిక్షేపవిద్యలపై పరిశోధనాపీఠము నొకదానిని ఆ సంస్థల ధనముతో నెలకొల్పి, పది పదునైదు సంవత్సరములు ఫలమెక్కడని వేధింపక నడపనీయవలయును. రెండవది: అచ్చుపడిన ప్రతి గ్రంథమును నియమిత గ్రంథాలయములకు చేర్చవలయునని 1954లో చట్టము చేసికొంటిమి. అచ్చు లేకుండ యంత్రముననే వెలువడు తెలుగు రచనలకును, పత్రికలకును అట్టి కట్టుబాటు కావలయును. మూడవది: ప్రభుత్వ దస్త్రములును, డిజిటల్ గ్రంథసంపుటములును వేర్వేరు ఊళ్లలో మూడు ప్రతులుగ నుండవలయును. ఎల్లరును చదువగల బహిరంగ రూపమున నుండవలయును. నియతకాలమున క్రొత్తసాధనములకు ఎత్తివ్రాయబడవలయును. ఎత్తివ్రాత జరిగినదో లేదో ఏటేట శాసనసభకు తెలుపవలయును.

చార్లెస్ కావో కడపటి దినములు కరుణాజనకములు. నోబెల్ పురస్కారము వచ్చునప్పటికే అల్జైమర్ వ్యాధి ఆయన జ్ఞాపకమును హరించుచుండెను. 2009 డిసెంబరులో స్టాక్‌హోమున ఆయన చేయవలసిన యుపన్యాసమును భార్య గ్వెన్ కావో చేసెను. 2018 సెప్టెంబరు 23వ తేదీన ఆయన హాంకాంగున దివంగతుడయ్యెను. లోకపు మాటలనెల్ల మోయుటకు దారి చూపినవాని మనస్సునుండి తన మాటలే జారిపోయినవి. ఆయన తనకై నిలుపుకొనలేనిదానిని ఇతరులు ఆయనకొరకు నిలిపిరి. ఆయన వ్రాసిన వ్యాసమున్నది, ఆయన శిష్యులున్నారు, ఆయన పక్షమున నిలుచుండి పలికిన యిల్లాలు ఉండెను. జాతుల విషయమును ఇట్టిదే. మరపు సహజము. దానికెదురుగ నిలుచువారిని ముందుగ నియమించుకొనుట వివేకము. విశాఖ తీరమున తీగ యొడ్డెక్కు దినమునకు ముందే మన ప్రభుత్వములును, విశ్వవిద్యాలయములును ఈ పనికి పూనుకొనునని ఆశించుచున్నాము.